కల్పలత వంతు అన్నం

జెర ముందలికి జరుగుండ్రి బిడ్డా, ఫ్యాన్ చప్పుడుల నా గొంతు మీ దాంక రాదు. ఫోన్లు బోర్ల పెట్టుండ్రి. ఆ కారప్పూస పొట్లం నడుమల పెట్టి తలా ఇంత తీసుకోండ్రి. నేను చెప్పేది తిండి ముచ్చట, ఉత్త నోటితోని వినేది కాదు. మన సీతాఫల్‌మండిల, మా మీది పోర్షన్ల ఉండే కల్పలత ముచ్చట ఇది. నాతోని పప్పు ఏరుకుంట కొంత చెప్పింది, కొంత నేను కండ్లార చూసిన.

ఓ ఆదివారం పగటిపూట కల్పలత పొయ్యి కాడ నిలబడి కూర గంజు గీకుతున్నది. ఆ ఇంట్ల ఆదివారం అంటే మటన్. కోయించుకొచ్చేది ఆమెనే, కడిగేది ఆమెనే, అల్లం ఎల్లిగడ్డ నూరి ఉడకబెట్టేది ఆమెనే. కూర దించినంక మాత్రం గంటె ఆమె చేతులకెల్లి అత్త లచ్చమ్మ చేతులకు పోతది. వండుడు కోడలిది, పంచుడు అత్తది, అదే ఆ ఇంటి రివాజు. మూలుగు బొక్కలు పెద్ద కొడుకు దయాకర్‌కు. మెత్తటి ముక్కలు ఇంకా పెండ్లి కాని చిన్న కొడుకు తిరుమల్‌కు. కార్జం ముక్క లచ్చమ్మకు, పండ్లు లేవు గదా పాపం. గంజు అడుగున మిగిలిన షేర్వ కల్పలతకు. అన్నం సుత అంతే. పొద్దుగాల లచ్చమ్మ బియ్యం కొలిచేటప్పుడే కోడలిని లెక్కలకెల్లి తీసేసేది. "నీకెందుకు కల్పా, నువ్వు డైటింగే గదా" అనేది. ఆ మాటల తిట్టు లేదు, కోపం లేదు. ఉప్పు డబ్బ ఏడున్నది అన్నంత మామూలుగ అనేది.

అందుకే కల్పలతకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాల్నో తెలిసేది కాదు. షురూ చేసింది తనేనాయె. తనను పెండ్లిచూపులకు వచ్చిననాడు ఇదే లచ్చమ్మ "పిల్ల బొద్దుగున్నది, పనికి ఆగుతది" అని మురిసింది. పెండ్లైన కొన్నేండ్లకు చుట్టాల ఫంక్షన్ల ఫొటోలు దిగుతుంటే ఆ ఫొటో తీసేటాయన "మేడమ్, జెర పక్కకు తిరుగుండ్రి" అన్నడు. "ఎటు తిరిగినా అంతే ఉంటది అన్నా, నువ్వు కొట్టు ఫొటో" అన్నడు దయాకర్. అందరు నవ్విన్రు. అందరికన్న గట్టిగ నవ్వింది కల్పలతనే, నవ్వకపోతే ఏడుపొస్తదని. ఆ ఫొటోల ఇప్పటికీ పండ్లన్నీ కనిపించేటట్టు నవ్వుకుంట ఉంటది. మరునాటికెల్లి అన్నం బంద్. ఓసారి జొన్నరొట్టె, ఓసారి సొరకాయ రసం, ఓసారి ఉత్త గుడ్లు, ఓసారి ఫోన్ గంట కొడితేనే తినుడు. తగ్గేది. తగ్గింది తగ్గినట్టే వాపసు వచ్చేది, వచ్చేటప్పుడు తోడు తెచ్చుకొని వచ్చేది. మళ్ళ కొత్తది షురూ. నడుమల ఎప్పుడో, ఆమె సుత గమనించకముందే, ఆ ఇల్లు ఆమె డైటింగ్ మీద ఆధారపడ్డది. హోటల్‌కు పోతే ముగ్గురికే బిర్యానీ చెప్పుడు. మామిడిపండ్లు కోస్తే టెంక ఆమెకు. బేగంపేటల ఆమె టికెట్లు బుక్ చేసే ఆఫీసుల సుత అదే కథ. ఎవరి పుట్టినరోజైనా కేకు తెప్పించేది, కొవ్వొత్తులు గుచ్చేది, ప్లేట్లు సర్దేది కల్పలత. కోసుడైనంక మేనేజర్ రామ్మోహనరావు సార్ "మేడమ్‌కు వద్దులే, పాపం ఆశ పెట్టొద్దు" అనేటోడు. పాపం అని వేరె అనుడు! ఆమె టేబుల్ సొరుగుల ఉస్మానియా బిస్కిట్ల పాకెట్ ఉండేది. బాత్రూంల నల్లా ఇప్పి, నమిలే చప్పుడు బైటికి వినిపించకుంట నిలబడి తినేది. తిన్నంక మూతి కడుక్కొని, అద్దంల తనను తనే తిట్టుకునేది. నోటికి రాని తిట్లు బిడ్డా, పగోళ్ళను సుత తిట్టనివి.

ఇగ తిరుమల్‌కు పెండ్లి ఖాయమైంది. దయాకర్ తన ఆఫీసు గోడ మీద ఓ కాయితం చూసిండు. ఆడోళ్ళకు లైఫ్‌స్టైల్ ప్రోగ్రామ్, డైటింగ్ లేకుండ ఆరోగ్యం, మారేడ్‌పల్లిల చర్చి పక్క హాల్ల, శనివారం శనివారం. డైటింగ్ లేకుండనే కరిగించే కొత్త టెక్నిక్ ఏదో వచ్చిందనుకున్నడాయన. తనే పేరు రాయించిండు. "పెండ్లి వరకు షేపుకు రావాలె. ఆడపిల్లోళ్ళు శానా స్టాండర్డ్ మనుషులు" అన్నడు. కల్పలత సుత అదే అనుకొని పోయింది. తూకం తక్కువ రావాలని పొద్దుగాల ఏం ముట్టలే. పల్చటి డ్రెస్ ఏసుకున్నది, గాజులు సుత ఇంట్లనే తీసి పెట్టింది. హాల్లకు పోయి తూకం మిషన్ ఏడున్నదని దేవులాడింది. లేదు. బీరువా వెనక్కు తొంగి చూసింది. ఆడా లేదు.

"ఏం పోయిందమ్మా?" అన్నది మేబెల్ మేడమ్. పెద్దాస్పత్రిల ఎవరేం తినాల్నో చెప్పే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, పొడుగు గౌను, చెవులకు చిన్న ముత్యాలు.

"మిషన్ మేడమ్... బరువు చూసేది."

"ఇక్కడ అదుండదు. టిఫిన్ డబ్బ తెచ్చుకున్నవా? కూసొని తిను ముందు."

కల్పలత డబ్బల కీర ముక్కలున్నయి. పక్క కుర్చీల పిల్ల మూత తీస్తే ఖట్టీ దాల్, తెల్లన్నం, మీద ఉల్లిగడ్డ వేపుడు, గదంత ఘుమఘుమ. ఆ పిల్ల పేరు ఖుష్బూ, మౌలాలి గుట్ట కింద ఉంటది. మేబెల్ మేడమ్ ఒక్కొక్కర్ని అడుగుకుంట వచ్చింది, నీకు ఆకలి ఎట్ల తెలుస్తది అని. కడుపుల మంట అన్నది ఒకామె, తలనొప్పి అన్నది ఇంకొకామె. కల్పలత వంతు వచ్చింది.

"నాకు ఆకలి కాదు మేడమ్."

"యా అల్లా! ఆకలి కాకుంట ఈ దునియాల ఎట్ల బతుకుతున్నవ్ బాజీ, చెప్పక్కా?" అన్నది ఖుష్బూ, తన డబ్బలకెల్లి ఇంత అన్నం తీసి కల్పలత కీర ముక్కల మీద పెట్టుకుంట. "తిను. మా సాస్, మా అత్త ఖమర్ బీ చేతి దాల్. నేను కుట్టుమిషన్ క్లాసుకు పోతున్ననని చెప్పిన ఆమెకు."

"మరి ఇన్నొద్దులైనా ఒక్క జాకెట్ కుట్టకపోతే అనుమానం రాదా?"

"వస్తది. అందుకే రేపు జనరల్ బజార్ల ఒకటి కొనుక్కపోత."

కల్పలత నవ్వింది. ఈసారి ఏడుపు ఆపుకునేటందుకు కాదు, నిజంగనే నవ్వొచ్చి.

మేబెల్ మేడమ్ చెప్పేవి మొదట్ల పిచ్చి మాటల్లెక్కనే అనిపించినయి. చెడ్డ తిండి మంచి తిండి అని లేదట. ఆకలైతే తినాల్నట, నిండితే ఆపాల్నట. నడిచేది ఒళ్ళు కరిగేటందుకు కాదట, నడుస్తుంటే మంచిగనిపిస్తే నడవాల్నట. గంతే అయితే గింతమంది ఆడోళ్ళం గింత గోస ఎందుకు పడుతున్నం అనుకున్నది కల్పలత. మొదటి వారాలు భయమైంది. గేటు తీసిన పశువు తీరు అడ్డం పొడుగు తిన్నది, ఇగ నేను ఆగను, ఇల్లు మొత్తం తినేస్త అనుకున్నది. తర్వాత్తర్వాత ఏమైందో, ఆ పరుగు దానంతటదే తగ్గింది. ఆఫీసు సొరుగుల బిస్కిట్లు మెత్తబడి పోయినయి, వాటిని మరిచిపోయిందని అప్పుడు యాదికొచ్చింది. తనకు మొలకలు నచ్చయని తెలిసింది, ఇన్నేండ్లు కండ్లు మూసుకొని మింగింది గవే. తనకు నచ్చేది పొద్దుగాల పొగలొచ్చే అన్నంల మామిడికాయ తొక్కు, ఇంత నెయ్యి. అది తినిపోతే మెట్రో మెట్లెక్కుతుంటే కండ్లకు చీకట్లు రాలే. ఆకలనేది పొట్టల ముందు చిన్నగ తడుతదని, తర్వాత పిలుస్తదని, అటెన్క అరుస్తదని తెలిసింది. ఇన్నేండ్లు ఆమె అరిచేటిదాంక ఉంచి, అది అరిచినంక దాని నోరు మూసింది. నా ఒళ్ళంటే నాకు ప్రేమ అని మేడమ్ అనమంటే మాత్రం అనలేకపోయింది. ఆ మాట నోట్లె తిరగలే, పరాయి మాట లెక్కున్నది. కానీ అద్దం ముందల తిట్టుడు తగ్గింది. ఓనాడు బొట్టు పెట్టుకొని, తల దువ్వుకొని బైటికొచ్చినంక, ఇయ్యాల పొట్ట లోపలికి గుంజుడు మరిచిపోయిన అనుకున్నది. అంతే. గంత చిన్నదానికే ఆ పొద్దంత ఆమె కడుపు చల్లగున్నది.

ఆమె జాకెట్లు ఎప్పటిలెక్కనే ఉన్నయి, వదులు కాలే, బిర్రు కాలే. వదులైంది ఆమె మనసు ఒక్కటే. అది ఎవరికి కనిపిస్తది?

కనిపించింది ఇంకోటి. ఓనాడు దయాకర్ డ్యూటీ నుంచి జల్దిన వచ్చి పగటి బువ్వకు కూసున్నడు. మారు అన్నం అడిగిండు. లచ్చమ్మ గిన్నె వంచి చూసింది, అడుగు కనిపించింది.

"ఇదేంది? బువ్వెట్ల తక్కువైంది? నా చేత్తోని కొలిచి పోసిన!" మెడల గొలుసు పోయినట్టు గిన్నె కింద చూసింది, కుక్కర్ల చూసింది.

కల్పలతకు ఆనాడు సెలవు. వాకిట్ల బట్టలు ఆరేస్తున్నదల్లా లోపలికొచ్చింది. "నేను తిన్న అత్తమ్మా. పొద్దుగాల."

"నువ్వా?" అన్నది లచ్చమ్మ. నిజంగనే పరేషానైంది ముసల్ది. "చెప్పాలె గద కల్పా. చెప్తే ఓ పిడికెడు ఎక్కువ పోద్దును."

చెప్పాలె గద. ఆ మాట కల్పలత చెవుల తిరిగింది. ఈ ఇంట్ల తినబోయే ముందల చెప్పేది ఇంకెవరు? దయాకర్ ఎప్పుడన్న, అమ్మా, నేనియ్యాల అన్నం తింట అని చెప్పిండా? తిరుమల్ చెప్పిండా? దినాం వండే చెయ్యికి తినే నోరుంటదని ఒకరికొకరు చెప్పుకోవాల్నా? ఇవన్నీ లోపల అనుకున్నది. బైటికి మాత్రం "తప్పైంది అత్తమ్మా" అన్నది. ఆ మాట ఎట్లొచ్చిందో ఆమెకే తెల్వదు, ఏండ్లనాటి అలవాటు మీద జారి పడ్డది.

దయాకర్ చెయ్యి కడుక్కొని అడిగిండు, "ఇంతకు ఎన్ని కిలోలు దిగినవ్?"

"ఆడ తూకం చూడరు."

నమ్మలే. ఫోన్ కొట్టి, అందరికి వినపడేటట్టు పెట్టిండు. "మేడమ్, మా మిసెస్ ఎంత తగ్గింది?"

"మేం బరువు చూడం సార్. ఆమె మంచిగ తింటున్నది, నిద్ర పోతున్నది. ముఖం చూడలేదా మీరు?"

"తింటున్నదా? తినుడు నేర్పేటందుకు క్లాసా? మా ఇంట్ల తినుడు ఎవరికి రాదనుకున్నరా?" పక్కన తిరుమల్ నవ్విండు. లచ్చమ్మ సుత కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. కల్పలత తడి బట్టలు పట్టుకొని ఆడనే నిలబడ్డది. ఇంట్ల అందరికి తెలిసిపోయిన రోగం తీరు అయింది ఆమె ఆకలి.

ఆ వారమే వాళ్ళ ఇంటి హాల్ల, చెప్పుల స్టాండ్ పక్కన, కొత్త తూకం మిషన్ వచ్చింది. "పెండ్లి ఐనంక నీ ఇష్టం. అప్పటిదాంక పాత పద్ధతే" అన్నడు దయాకర్. ఆమె ఎదురు చెప్పలే. మీరడుగుతరు, ఎందుకు చెప్పలే అని. చెప్పేటందుకు ఏమున్నది బిడ్డా? ఏ రోగమూ లేని మనిషి, కొట్టని మొగడు, తిట్టని అత్త, దినాం పొయ్యి మీద వండే అన్నం. నాకు తిండి పెడతలేరు అని ఎవరికి చెప్పుకుంటది? ఎవరు నమ్ముతరు? తిండి ఆమె చేతులనే ఉండె. తాళం లేని రూంల పడ్డది ఆమె, తలుపు గుద్దేటందుకు సుత లేదు. శనివారాలు బంద్. సొరకాయ రసం షురూ. సొరుగుల బిస్కిట్లు మళ్ళొచ్చినయి, నల్లా మళ్ళ మోగింది.

పెండ్లి వరకు నిజంగనే తగ్గింది. ఫంక్షన్ హాల్ల పెండ్లిపిల్ల తరఫోళ్ళు "పెండ్లికొడుకు వదినె ఎంత స్మార్ట్‌గున్నదో" అన్నరు. లచ్చమ్మ వచ్చినోళ్ళకల్ల చెప్పింది, "మా కల్ప పట్టుబడితే అంతే, బియ్యం గింజ ముట్టదు." స్టేజీ మీద ఫొటోకు నిలబడ్డప్పుడు దయాకర్ ఆమె భుజం మీద చెయ్యేసిండు. పెండ్లైన కొత్తల ఏసిన చెయ్యి, మళ్ళ ఇప్పుడు. ఆ చెయ్యి కోసం ఎన్నేండ్లు చూసిందో ఆమెకే తెలుసు. ఇయ్యాల అది భుజం మీద వెచ్చగ ఉన్నది, అయినా ఆమెకు లోపల చలి పెట్టింది. ఇది పడ్డది ఎవరి మీద? నా మీదనా, నా ఒంట్లకెల్లి పోయినదాని మీదనా? పోయింది రేపు మళ్ళొస్తే ఈ చెయ్యి లేస్తది గదా? అయినా ఆ చెయ్యి తీయమనలేదు. ఇంకింత దగ్గరికే జరిగింది. అదే ఆమెను ఎక్కువ సిగ్గుపడేటట్టు చేసింది. అవతల బగారన్నం గంజు మూత తీసిన్రు, ఆ వాసనకు ఆమె కండ్లల్ల నీళ్ళొచ్చినయి. పెండ్లిపిల్లను చూసి మురిసి ఏడుస్తున్నదనుకున్నరు అందరు.

పెండ్లైనంక సుత సొరకాయ రసం బంద్ కాలే. నడుమల ఖుష్బూ ఫోన్ చేసింది. "బాజీ, క్లాసుకు రా అని చెయ్యలే. తిన్నవా?"

"తిన్న."

"ఏం తిన్నవ్?"

కల్పలత ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత మౌలాలిల ఆమె అన్న ఓంప్రకాశ్ కొత్తిల్లు కట్టుకున్నడు. రైల్వేల పని చేస్తడాయన, ఏండ్ల తరబడి క్వార్టర్లనే ఉన్నడు. గృహప్రవేశానికి చెల్లెను పిలిచి ఒడిబియ్యం పోసిన్రు. మన దిక్కు తెలిసిందే గద, తల్లిగారింటోళ్ళు ఆడిబిడ్డ ఒడిల పసుపు కలిపిన బియ్యం పోస్తరు, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవికె గుడ్డ పెడతరు. అవి అత్తగారింటికి తీసుకపోయి, వండి, నలుగుర్ని పిలిచి పెట్టాలె. వదినె వసుధ దోసిళ్ళతోని పోస్తుంటే కల్పలత కొంగు బరువెక్కింది. పసిపిల్లను ఒళ్ళె పండబెట్టినట్టున్నది. ఈ బరువును తగ్గించమని ఎవరూ అనరేం అనుకున్నది. నిండుగ పోయుండ్రి, ఇంకింత పోయుండ్రి అనే అంటున్నరందరు.

ఆ ఆదివారం ఆ బియ్యం సీతాఫల్‌మండిల వండింది. అన్న, వదినె వచ్చిన్రు. వాడకట్టోళ్ళం సుత పోయినం, నేనప్పుడు ఆడనే ఉన్న. పప్పు, పచ్చిపులుసు, వంకాయ కూర, పరమాన్నం. పసుపు బియ్యం గనక అన్నం బంగారు రంగుల వచ్చింది. హాల్ల వరుసగ కూసున్నం, తిరుమల్, ఆయన కొత్త పెండ్లాం సుత. గంటె ఆనాడు కల్పలత చేతికే ఇచ్చింది లచ్చమ్మ, మోకాళ్ళ నొప్పులని. కల్పలత వంగుకుంట, లేచుకుంట అందరికి వడ్డించింది.

"నువ్వు సుత కూసో కల్పా" అన్నది వసుధ.

"అది తినది బిడ్డా, బియ్యం మానేసింది. చూస్తలేరా ఎంత మంచిగైందో" అన్నది లచ్చమ్మ మురుసుకుంట.

"తన ఒడిల పోసిన బియ్యం తనే తినకుంటే ఎట్లత్తమ్మా?"

"వాసన చూస్తది తీ. మా కోడలికి వాసనతోనే కడుపు నిండుతది."

అందరు నవ్విన్రు. నేను సుత నవ్విన, ఏం నవ్వో అది. తింటనే ఉన్నం, మారు అడుగుతనే ఉన్నం. చివరికి గిన్నెల ఒక్క మనిషికి సరిపోయేటంత మిగిలింది. దయాకర్ తన ఇస్తారి ముందలికి జరిపిండు. "ఆ ఉన్నది ఇటు ఎయ్. నువ్వెట్లయినా తినవు."

కల్పలత గంటె నింపింది. నింపినంక ఆ గంటె ఆయన ఇస్తారి మీదికి పోలే, గాల్లనే ఆగింది. ఆ క్షణం ఏమనుకున్నవే అని తర్వాత అడిగిన. ఏమనుకోలే అమ్మమ్మా, కడుపుల తట్టింది, పిలిచింది, ఇగ అరుస్తున్నది అనుకున్న, అన్నది. అది అరుస్తుంటే నేను ఎన్నిసార్లు దాని నోరు మూసిన్నో అన్నీ ఒక్కసారే యాదికొచ్చినయి. దీని నోరు మళ్ళ మూస్తే ఇగ ఇది నన్ను పిలవదు అనిపించింది, అన్నది.

ఓ ఇస్తారి తీసుకొని, అన్న పక్కన ఇంత జాగ ఉంటే ఆడ కూసున్నది. గిన్నె బోర్లించి అన్నమంత ఏసుకున్నది. పప్పు పోసుకొని, నెయ్యి ఏసుకొని కలిపింది. ముద్ద నోట్లె పెట్టుకున్నది. హాల్ల ఎవ్వరి చెయ్యి కదలలే.

"కల్పా! అందరి ముందల గిదేంది?" అన్నది లచ్చమ్మ చిన్నగ.

కల్పలత ఆగం కాలే. ముద్ద నమిలింది, మింగింది, ఇన్ని నీళ్ళు తాగింది. అప్పుడు మొగని దిక్కు చూసి చెప్పింది, గొంతు లేపకుంట: "అన్నం అయిపోయింది. ఇంక కావాల్నంటే బియ్యం కడిగి కుక్కర్ పెట్టుకోండ్రి. నేను తింటున్న."

దయాకర్ ఇస్తారి మడిచి లేచిండు. బైట స్కూటర్ చప్పుడైంది. ఓంప్రకాశ్ ఇస్తారి మీద వంచిన తల ఎత్తలే, వసుధ తొక్కు జాడీ ఆమె దిక్కు జరిపింది. ఆనాటితోని ఆ ఇల్లు మారిందని నేను మీకు అబద్ధం చెప్ప. దయాకర్ ఎన్నొద్దులో మాట్లాడలే. పొద్దుగాల స్నానం చేసి వస్తుంటే కల్పలత పొట్ట ఇంకా లోపలికి గుంజుతనే ఉన్నది, నాకే చెప్పింది. ఇన్నేండ్లది ఒక్క ఆదివారంల పోదు. శనివారం మళ్ళ పోతున్నది, పోయేటప్పుడు ఎవర్నీ అడుగుతలేదు.

ఇదీ బిడ్డా ముచ్చట. మనసుల పెట్టుకోండ్రి. రేపు దోస్తులకు చెప్తరు, తర్వాత మీ కోడండ్లకు, మనుమరాండ్లకు చెప్తరు. చెప్పుండ్రి, మీ తీరుగనే చెప్పుండ్రి, నేను మరిచిపోయినకాడ మీరు కలుపుకోండ్రి. ఒక్కటే నా మాట. విన్నోళ్ళు తప్పక అడుగుతరు, ఇంతకు ఆమె సన్నబడ్డదా, లావైందా అని. అది మాత్రం చెప్పకుండ్రి. పది మంది నడుమ కూసొని, వేడిది, కడుపునిండ తిన్నదని చెప్పుండ్రి.